బ్యారన్ గూట్లో పెట్టిన నాయన ఫోను

సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళి వచ్చి పది రోజులైంది. అసైన్‌మెంట్లు రెండు పెండింగ్‌లో ఉన్నాయి, అయినా ముందు నాయన ఫోను సంగతి రాసేయాలి, లేకపోతే వివరాలు మర్చిపోతాను.

నేను చదివేది నెల్లూరు పక్కన కాకుటూరులో, విక్రమ సింహపురి యూనివర్సిటీ క్యాంపస్‌లో పీజీ. మా ఊరు కందుకూరు అవతల, వలేటివారిపాలెం వైపు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మా ఊరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్ళింది. ఆధార్ కార్డులో మాత్రం ప్రకాశం అనే ఉంది, నాయన నోట్లో కూడా అంతే, ఎవరైనా అడిగితే "మాది ప్రకాశం" అంటాడు.

పండగ ముందు రోజుల్లో నెల్లూరు స్టేషన్ ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మద్రాసు నుంచి వచ్చే ప్రతి బండీ అక్కడికి వచ్చేసరికే నిండిపోయి ఉంటుంది. జనరల్ పెట్టెలో తలుపు దగ్గర బ్యాగు మీద కూర్చుని వెళ్ళా. సింగరాయకొండ దాకా 90 కిలోమీటర్ల లోపే కాబట్టి కష్టం అనిపించదు. బండి పెన్నా వంతెన ఎక్కగానే అందరూ ఒకసారి నీళ్ల వైపు చూస్తారు, నేనూ చూస్తా. పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, బిట్రగుంట, కావలి... ఫోన్‌లో రైలు ఎక్కడుందో చూపించే యాప్ పెట్టుకుని కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పని. ఆ యాప్‌కి ఇంటర్నెట్ లేకపోయినా పర్వాలేదు, దారిలో తగిలే సెల్ టవర్లను బట్టి మనం ఏ స్టేషన్ల మధ్య ఉన్నామో కనుక్కుంటుంది. మొబైళ్ల మీద, గ్యాడ్జెట్ల మీద నాకున్న పిచ్చి ఇలాంటి చోటే మొదలైంది, ధర చూసి కాదు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి.

ఇంటికెళ్ళేసరికి సాయంత్రం. నాయన ఇంట్లో లేడు, బ్యారన్ దగ్గరున్నాడు.

మా వైపు కానివాళ్ల కోసం చెప్తున్నా. మాది పొగాకు. కోసిన ఆకుని కర్రలకి కట్టి, ఎత్తయిన గదిలాంటి బ్యారన్‌లో వరసలు వరసలుగా వేలాడదీసి, కింద గొట్టాల్లోంచి పొయ్యి వేడి పంపించి ఆరబెడతారు. పొగ ఆకుకి తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. ఒక బ్యారన్ పూర్తవడానికి 5, 6 రోజులు పడుతుంది. మొదట 90, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆకు పచ్చ పోయి పసుపు తిరగాలి, తర్వాత మెల్లమెల్లగా వేడి పెంచుతూ, చివర్లో ఈనె ఆరడానికి 160 దాకా తీసుకెళ్తారు. తొందరపడి ముందే పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే నల్లబడుతుంది. ఎలా పాడైనా వేలం కేంద్రంలో ఆ బేలుకి రేటు రాదు. అందుకే క్యూరింగ్ నడిచే రోజుల్లో రాత్రిళ్ళు ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి, గంట గంటకీ థర్మామీటర్ చూడాలి, పొయ్యిలో కట్టెలు సర్దాలి. మా ఇంట్లో ఆ ఒకరు నాయనే.

నేను వెళ్ళి పక్కన కూర్చోగానే "ఏం అబ్బయ్యా, బండి ఖాళీగా ఉందా" అన్నాడు. లేదు నాయనా అన్నా. చీకటి పడుతోంది. థర్మామీటర్ కనపడే అద్దం దగ్గరికి ఫోను తీసుకెళ్ళి, టార్చి వేసి చూసి, మళ్ళీ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఆరున్నర. నూట రెండు. కింద వరస తిరిగింది, పై వరస ఇంకా పచ్చగానే ఉంది" అన్నాడు. ఎవరికో వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు అనుకున్నా. ఎవరికీ కాదు. ఫోన్‌లో ఉండే రికార్డర్‌లో తనకోసం తనే చెప్పుకుంటున్నాడు. నాయనకి తెలుగు చదవడం వచ్చు గానీ ఫోన్‌లో టైపు చేయడం రాదు, కళ్లజోడు పెట్టుకోవాలి, వేళ్లు పెద్దవి. పుస్తకంలో రాద్దామంటే చేతులకి పొగాకు జిగురు. అందుకని నాలుగేళ్ల కిందట ఫోను కొన్నప్పటి నుంచీ ప్రతి బ్యారన్‌కీ ఇలా నోటితో చెప్పి పెట్టుకుంటున్నాడు. ఈ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ తర్వాత ఫోను గూట్లో పెట్టాడు. బ్యారన్ గోడలో, పొయ్యికి కాస్త పైన, ఇటుక తీసేసి చేసిన చిన్న గూడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగ కూడా అక్కడికే లాగి ఉంది, ఛార్జర్ ఎప్పుడూ దానికే గుచ్చి ఉంటుంది. గోడ మీద చేయి పెట్టి చూశా. ఎక్కువసేపు ఉంచలేనంత వేడి.

పండగ బాగా జరిగింది. అరిసెలు, ముగ్గులు, మేనత్త వాళ్లు రావడం, అవన్నీ అందరిళ్లలాగే. శనివారం మాలకొండ వెళ్ళాం. ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి జనం ఎలా ఉంటారో ఊహించుకోవచ్చు. కొండ మీద అందరం కలిసి నిలబడ్డాక నాయన తన ఫోనిచ్చి ఫోటో తీయమన్నాడు. 36 శాతం ఛార్జింగ్ చూపిస్తోంది. కెమెరా తెరిచా, ఒక్క సెకను, ఫోను ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే 36 శాతమే, మళ్ళీ కెమెరా, మళ్ళీ ఆరిపోయింది. "ఇది ఇంతేలే, ముసలిదైపోయింది, నీ దాంట్లో తియ్యి" అన్నాడు నాయన.

ఇది ఎందుకు జరుగుతుందో చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా రాస్తా. బ్యాటరీ పాతబడే కొద్దీ రెండు మార్పులు వస్తాయి. ఒకటి అందరికీ తెలిసిందే, నిలవ తగ్గిపోతుంది, పొద్దున పెట్టిన ఛార్జింగ్ మధ్యాహ్నానికి అయిపోతుంది. రెండోది దాని లోపలి నిరోధం పెరగడం. ఇంట్లో మోటారు వేసిన క్షణంలో బల్బు ఒక్కసారి మసకబారుతుంది చూశారా, లైను మీద ఒక్కసారిగా భారం పడితే వోల్టేజీ దిగిపోతుంది కాబట్టి. ఫోన్‌లో కెమెరా తెరవడం కూడా అలాంటి భారమే, ప్రాసెసర్, స్క్రీన్, సెన్సర్ అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి. మంచి బ్యాటరీ అయితే తట్టుకుంటుంది. లోపలి నిరోధం పెరిగిన బ్యాటరీలో ఛార్జింగ్ మిగిలే ఉన్నా వోల్టేజీ ధబేల్మని పడిపోయి ఫోను ఆగిపోతుంది. అంటే ఫోన్‌లో మిగతా భాగం దేనికీ ఏమీ కాలేదన్నమాట.

ఇంటికొచ్చాక ఫోన్ని కవరు తీసి బల్ల మీద వెనక వైపు కింద ఉండేలా పెట్టా. ఊగింది. వేలితో అంచు తడితే మధ్యలో ఇరుసు ఉన్నట్టు గిర్రున తిరిగింది. నాయన అది చూడగానే, "ఉబ్బింది కదూ" అన్నాడు. వాళ్ల కాలంలో నోకియా ఫోన్లకి బీఎల్-5సీ అని బ్యాటరీ వచ్చేది, గోటితో వెనక మూత తీస్తే చేతిలోకి ఊడొచ్చేది, పాడైందో లేదో చూడాలంటే బల్ల మీద పెట్టి తిప్పేవాళ్లంట, తిరిగితే ఉబ్బినట్టు. ఆ పరీక్ష ఇప్పటికీ పనికొచ్చింది.

లిథియం అయాన్ బ్యాటరీ ఉబ్బడం అంటే లోపలున్న ద్రావకం విడిపోయి గ్యాస్ అవడం. వేడి, ఎక్కువసేపు 100 శాతం దగ్గర ఉంచడం, ఈ రెండూ కలిస్తే అది తొందరగా జరుగుతుంది. నాయన ఫోను నాలుగు సీజన్లు సరిగ్గా అలాగే బతికింది, వేడి గోడ గూట్లో, రాత్రంతా ఛార్జర్‌కి తగిలించి. ఫోన్ని 35 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట వాడొద్దని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. బ్యారన్ లోపల చివరి రోజు ఉండే 160 ఫారెన్‌హీట్ అంటే 71 సెల్సియస్. గోడ బయట అంత ఉండదు గానీ 35 అయితే ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇదంతా చెప్తే నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆకుకి ఎంత వేడి కావాలో నాకు తెలుసు గానీ దీనికి ఎంత పనికిరాదో తెలియదు అబ్బయ్యా" అన్నాడు.

మర్నాడు కందుకూరులో ఒక షాపుకి తీసుకెళ్తే, ఆయన ఫోను చేతిలోకి కూడా తీసుకోకుండా బోర్డు పోయుంటుంది, ఇక లాభం లేదు, 14 వేలలో 5జీ ఫోను ఉంది తీసుకోండి, ఈఎంఐ కూడా చేస్తాం అన్నాడు. నాయన నా వైపు చూశాడు. పొగాకు డబ్బులు ఇంకా రాలేదు, వేలం మొదలవడానికి టైముంది. అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. "దాంట్లో చెప్పి పెట్టుకున్నయ్యన్నీ ఏమైపోతాయి?" అని అడిగాడు మెల్లగా. మేం కొత్తది తీసుకోలేదు.

ఆ రాత్రి చేసిన మొదటి పని రికార్డింగులు బయటికి తీయడం. ఉబ్బిన బ్యాటరీకి మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు, కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించినా ఛార్జ్ అయిపోతుంది, కాబట్టి ఉన్న ఛార్జింగ్‌తోనే, కెమెరా జోలికి పోకుండా, స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించి, తీగ లేకుండా ఫైళ్లు పంపే క్విక్ షేర్‌తో నా ఫోన్‌లోకి పంపించుకున్నా. 611 ఫైళ్లు. అన్నీ చిన్నచిన్నవి, పది సెకన్లు, పదిహేను సెకన్లు. పేర్లలో తేదీ, టైము వాటంతటవే ఉన్నాయి. మధ్యలో ఆగిపోతుందేమో అని ఒకటే టెన్షన్. ఆగలేదు.

నిద్ర రాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. నాయన గొంతు, వెనక కట్టెలు చిటపటలాడే చప్పుడు, దూరంగా కుక్కలు. "రెండు గంటలు. నూట పద్దెనిమిది. గాలి కిటికీ కొంచెం తీశా." "నాలుగు. కునుకు పట్టింది, నూట నలభై అయిపోయింది, తగ్గించా." ఒక దాంట్లో వాన చప్పుడు మాత్రమే ఉంది, చివర్లో "తెల్లారి చూద్దాం" అన్న ఒక్క మాట. నేను నెల్లూరు హాస్టల్‌లో పడుకుని ఉన్న రాత్రుళ్లు అవన్నీ. తేదీలు చూస్తే తెలుస్తోంది, నా సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో నాయన ఫోను నాతో తెచ్చా. సిమ్ తీసి పాత కీప్యాడ్ ఫోన్‌లో వేసిచ్చి, దీన్ని స్విచాఫ్ చేసి, బట్టలతో పాటు బ్యాగులో కుక్కకుండా అమ్మ ఇచ్చిన ఖాళీ స్టీలు డబ్బాలో ఒక్కదాన్నే పెట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా, వంచినా, గుచ్చినా మంట వచ్చే ప్రమాదం ఉంది. అసలైతే అలాంటిదాంతో ప్రయాణమే మంచిది కాదు. దగ్గర్లో మార్చేవాళ్లు ఉంటే అక్కడే మార్పించాలి.

నెల్లూరులో ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక రిపేరు అన్న ఉన్నాడు. గది ఎంతుంటుందంటే ఆయన కూర్చుంటే ఇంకొకరు నిలబడాలి, అంతే. ఫోను చూసి, "తమ్ముడూ, ఇది ఛార్జింగ్ పెట్టకుండా తెచ్చావు చూడు, మంచి పని చేశావు" అన్నాడు. దగ్గరుండి చూస్తానంటే సరేనన్నాడు. ముందు ఫోన్ని వేడి ప్లేటు మీద తక్కువ వేడిలో కాసేపు ఉంచి, వెనక మూత బంక మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ జరుపుకుంటూ వచ్చాడు. ఒక పక్క అప్పటికే బ్యాటరీ తోసేసి తెరుచుకునే ఉంది. మూత తీయగానే కనపడింది, నల్లగా, చిన్న దిండులాగా, మధ్యలో పొంగి. స్క్రూలు తీసి అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. తర్వాత బ్యాటరీ కిందున్న బంక మీద సూది సీసాతో ఆల్కహాల్ చుక్కలు వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇనుప పరికరం ఏదీ దాని దగ్గరికి రానివ్వలేదు. ఐదు నిమిషాలయ్యాక ప్లాస్టిక్ ముక్కతోనే, ఊపిరి బిగబట్టి, ఒక అంచు నుంచి మెల్లగా లేపాడు. అది పిసపిస మంటూ వదిలింది. లేపినదాన్ని పక్కన ఇసుక పోసిన పెయింటు డబ్బాలో పెట్టాడు, ఇలాంటివి అందులో ఇంకో నాలుగున్నాయి, నిండాక ఈ-వేస్ట్ వాళ్లకి ఇచ్చేస్తాడట.

పాత బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్, 3.87 వోల్టులు, 19.35 వాట్ అవర్లు అని ఉంది. కొత్తదాని మీద కూడా అవే అంకెలు ఉన్నాయో లేదో, తయారైన తేదీ ఎప్పటిదో చూశాకే పెట్టమన్నా. వాడకుండా షాపులో రెండేళ్లు పడున్న బ్యాటరీ కూడా కొంత బలం పోగొట్టుకుంటుంది, కాబట్టి తేదీ అడగడం తప్పు కాదు. మొత్తం 1,350 రూపాయలు అయింది. ఒక మాట మాత్రం అన్న ముందే చెప్పాడు, కంపెనీలో వేసిన సీలు పోయింది, కాబట్టి నీళ్లు తగలకుండా చూసుకోమని. ఆన్ చేసి కెమెరా తెరిచి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆగలేదు. టార్చి వేశాం, వీడియో తీశాం, ఆగలేదు.

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఒకటుంది. నేను కొత్త ఫోన్ల వీడియోలు చూడని రోజు లేదు. ప్రాసెసర్ పేరు, కెమెరా మెగాపిక్సెళ్లు, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, అన్నీ నోటికొచ్చు. ఒక్కదాంట్లో కూడా ఈ బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది, మార్చాలంటే ఎంత అవుతుంది, ఎక్కడ దొరుకుతుంది అని చెప్పినట్టు గుర్తులేదు. ఫోన్‌లో ఖచ్చితంగా అరిగిపోయే భాగం అది. సైకిలుకి టైరు ఎలాగో ఫోనుకి బ్యాటరీ అలాగ. టైరు అరిగిందని సైకిలు పారేసే వాళ్లని మా ఊళ్లో నేనెవర్నీ చూడలేదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకి, 800 సార్లు పూర్తిగా ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీ నిలవ 80 శాతం ఉండాలని, అమ్మకాలు ఆగిపోయాక కూడా 7 ఏళ్లపాటు విడిభాగాలు దొరకాలని నియమం పెట్టారు. 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే బ్యాటరీ తీసి మార్చుకునేలా ఉండాలి. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ (వస్తువులు బాగు చేయించుకోవడానికి కావాల్సిన సమాచారం ఉండే వెబ్‌సైట్) మొదలుపెట్టింది, మంచిదే, కానీ నియమంగా ఇంకా చాలా రావాలి. పొగాకు రైతు ఇంట్లో 14 వేలకీ, 1,350కీ మధ్య తేడా అంటే మామూలు తేడా కాదు, కూలీల డబ్బులు అందులోంచే ఇవ్వాలి.

మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది. ఫోన్ని వేడికి దూరంగా పెట్టడం, బండి డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయకపోవడం, దిండు కింద పెట్టి ఛార్జ్ చేయకపోవడం. ఇప్పుడు చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఛార్జింగ్‌ని 80 దగ్గర ఆపే ఆప్షన్ ఉంటుంది. నాయన ఫోన్‌లోనూ ఉంది, ఆన్ చేశా. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోను ఒకసారి కవరు తీసి బల్ల మీద పెట్టి చూడండి, కవరు వేసి ఉంటే ఉబ్బు బయటికి కనపడదు. అలాగే అందులో వాళ్లు ఏమేం దాచుకున్నారో అడగండి. ఫోటోల బ్యాకప్ తీసుకుంటాం గానీ వాయిస్ రికార్డులు ఎవరికీ గుర్తుండవు, చాలా ఫోన్లలో అవి వాటంతటవి బ్యాకప్ అవ్వవు.

ఫోను మొన్న ఆదివారం మా ఊరికి వెళ్లే వాళ్ల చేతికిచ్చి పంపా. 611 ఫైళ్లనీ సీజన్ల వారీగా నాలుగు ఫోల్డర్లు చేసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచా. నిన్న రాత్రి వాట్సాప్‌లో నాయన దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఈసారి రికార్డర్‌లో కాదు, నాకే పెట్టాడు.

"పదకొండు గంటలు. నూట ముప్పై రెండు. ఆకు బాగా తిరిగింది. ఫోను గూట్లో లేదులే అబ్బయ్యా, వేపచెట్టు కింద మంచం మీద పెట్టా."